అధిక వైశాఖంలో లండన్

ప్రయాణానికి ముందు రోజు మా అత్తగారు పంచాంగం తిరగేసి, "ఏప్రిల్ 15 నుంచి అధిక మాసం వస్తోందే, ఆలోపు ఇంటికి చేరుకోండి" అన్నారు. మా తిరుగు విమానం సరిగ్గా 15 మధ్యాహ్నానికే. అది 2010, వికృతి నామ సంవత్సరం. అధిక వైశాఖం మొదలైన రోజే మాకూ లెక్కలో లేని రోజులు కలిశాయి. ఒకటీ రెండూ కాదు, ఎనిమిది.

గుంటూరు బ్రాడీపేటలో మా ఇల్లు. నేను 30 ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పాను. మావారు బ్యాంకులో చేసి రిటైరయ్యారు. జీవితంలో మొదటిసారి దేశం దాటి పది రోజుల యూరప్ టూరు వెళ్లాం. గుంటూరు, తెనాలి, విజయవాడ వాళ్లం కలిసి 18 మందిమి. పారిస్, స్విట్జర్లాండ్, ఆమ్‌స్టర్‌డామ్ అయ్యాక చివర్లో లండన్ రెండు రోజులు. బస్సు దిగడం, ఫోటో తీసుకోవడం, మళ్లీ బస్సెక్కడం. ఆ పది రోజుల గురించి నా నోట్‌బుక్కులో నాలుగు పేజీలు కూడా లేవు. తర్వాతి ఎనిమిది రోజులకు పుస్తకం చాలక హోటల్ కాగితాలు కూడా కుట్టుకున్నాను. కింద రాస్తున్నవి వాటిలోవే.

ఏప్రిల్ 15, గురువారం

హీత్రూ విమానాశ్రయంలో సామాను తూకం వేయించుకుందామని వరసలో నిలబడ్డాం. బోర్డు మీద ఒక్కో విమానం పక్కనా "రద్దు" అని పడుతూ వచ్చింది. మాది కూడా. మధ్యాహ్నం 12 నుంచి బ్రిటన్ మీద ఆకాశం మొత్తం మూసేశారన్నారు. ఐస్‌లాండ్‌లో మంచు కింద ఉన్న అగ్నిపర్వతం ముందురోజు పేలిందట. దాని పేరు పలకడం మాలో ఎవరి వల్లా కాలేదు.

"బూడిదంటున్నారు, ఎక్కడుందమ్మా బూడిద?" అని మిర్చి యార్డు అన్నయ్యగారు అద్దాల్లోంచి పైకి చూశారు. నిజమే, అంత నీలంగా ఉన్న ఆకాశాన్ని నేను ఆ టూరులో ఎక్కడా చూడలేదు. అగ్నిపర్వతం బొమ్మ నల్లబల్ల మీద ఎన్ని వందల సార్లు గీశానో. కరిగిన రాయి మంచునీళ్లకు తగిలితే ఒక్కసారిగా చల్లబడి, గాజుపొడిలా సన్నగా చిట్లి పైకి లేస్తుంది. ఆ పొడి ఇంజన్‌లోకి వెళ్తే లోపలి వేడికి మళ్లీ కరిగి, ఇంజన్ లోపల తిరిగే రెక్కలకు అతుక్కుంటుంది. 1982లో జావా దగ్గర ఒక విమానానికి ఇలాగే నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి, తర్వాత మళ్లీ అంటుకోబట్టి అందరూ బతికారు. ఇదంతా నేలమీద కూర్చుని మావాళ్లకు చెప్పాను. చెప్పాక తిట్టడం తగ్గింది.

టూరు కంపెనీ మేనేజరు మాత్రం సాయంత్రానికి ఫోను ఎత్తడం మానేశాడు. 18 మందిమి, ఎక్కువమంది అరవై దాటినవాళ్లం, రాత్రికి ఎక్కడ పడుకోవాలో తెలియదు. పక్క వరసలో ఉన్న ఒక పంజాబీ అమ్మాయి మా దిగులు చూసి దగ్గరికొచ్చింది. యూరప్ నుంచి బయల్దేరే విమానం రద్దయితే, కారణం ఏదైనా సరే, మళ్లీ సీటు దొరికేదాకా తిండి, వసతి ఆ విమాన సంస్థే చూడాలని 2004 నాటి నిబంధన ఉందని చెప్పింది. కౌంటర్లో వాళ్లు తమంతట తాము ఆ మాట అనలేదు. మావారు బ్యాంకు పద్ధతిలో ఒక కాగితం రాసి, 18 మందితో సంతకాలు చేయించి ఇచ్చారు. రెండు గంటల్లో హౌన్‌స్లోలో హోటల్ గదులకు చీటీలు వచ్చాయి. విదేశం వెళ్లే ప్రతివాళ్లూ ఈ నిబంధన తెలుసుకుని బయల్దేరాలి.

హోటల్ రన్‌వేకి దగ్గర. నిమిషానికో విమానం ఇంటి కప్పుల మీంచి దిగే ఊరు అదట. ఆ రాత్రి కుక్క మొరిగితే వినిపించింది.

ఏప్రిల్ 16, శుక్రవారం

లేవగానే మావారి బీపీ మాత్రలు లెక్కపెట్టాను. రెండున్నాయి. తెనాలి పిన్నిగారికి షుగరు మాత్రలు ఒక పూటకే. పది రోజుల టూరుకి పదిరోజుల మందులే పట్టుకెళ్లడం మేమంతా చేసిన తప్పు. అప్పటినుంచి పక్క ఊరు వెళ్లినా రెండింతలు పెట్టుకుంటున్నాను. హోటల్ వాళ్లు చెప్పిన వాక్-ఇన్ క్లినిక్‌కి వెళ్తే గంటన్నర కూర్చోబెట్టారు గానీ, డాక్టరుగారు ఖాళీ స్ట్రిప్పులు చూసి, బీపీ కొలిచి, మందులు రాసిచ్చారు. మన దగ్గర కంపెనీ పేరుతో అడుగుతాం, అక్కడ మందు అసలు పేరు చెప్పాలి. స్ట్రిప్పు పారేయకుండా ఉంచుకోవడం ఎంత మేలు చేసిందో.

తర్వాత బజారు. హౌన్‌స్లోలో పంజాబీ కొట్లు వరసగా ఉన్నాయి. ఒక కొట్లో ఎండుమిర్చి ప్యాకెట్లు చూసి అన్నయ్యగారి కాళ్లు ఆగిపోయాయి. ఒకటి కొని, బయటికొచ్చి, ఒక కాయ తీశారు. వెలుగుకు పట్టి చూశారు. మధ్యకి విరిచి, గింజల్ని అరచేతిలో రాల్చి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "తేజా కాయ చెల్లెమ్మా. తొడిమ తీసి పంపారు. మన యార్డులోదే అయ్యుంటుంది" అన్నారు. ఆ మనిషి పొద్దుట్నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. సీజను నడుస్తుంటే యార్డులో తన కొట్టు ఏమైపోతుందో అన్న దిగులు. ఆ కాయ విరిచాక ముఖంలో రంగొచ్చింది. మిగతా ప్యాకెట్ కోటు జేబులో పెట్టుకుని ఇంటిదాకా తెచ్చుకున్నారు.

రాత్రి సౌతాల్ గురుద్వారాలో లంగరుకు, అంటే అక్కడ అందరికీ పెట్టే ఉచిత భోజనానికి వెళ్లాం. నేలమీద బారుగా కూర్చుంటే రొట్టె, పప్పు, పెరుగు. ఎవరు మీరు, ఎక్కడివాళ్లు అని ఒక్కరూ అడగలేదు. ఇంకో రొట్టె, ఇంకో రొట్టె అంటూ వడ్డిస్తూనే ఉన్నారు. పిన్నిగారు తిన్నాక లోపలికెళ్లి గిన్నెలు కడగడానికి నిలబడ్డారు. ఆవిడ వెనకే మేమూ.

ఏప్రిల్ 17, శనివారం

హోటల్ హాల్లో టీవీ ముందు పదిమంది కూర్చున్నారు. మ్యాపు మీద బూడిద మేఘం కదులుతోంది, వాళ్ల ముఖాలు దాంతోపాటు కదులుతున్నాయి. ఎదురుచూస్తే ఆకాశం తొందరగా తెరుచుకుంటుందా? "నేను మ్యూజియానికి వెళ్తున్నా, వచ్చేవాళ్లు రండి" అన్నాను. మావారు, అన్నయ్యగారు, వదినగారు, పిన్నిగారు లేచారు.

టూరులో బ్రిటిష్ మ్యూజియానికి గంట సమయం ఇచ్చారు. ఈజిప్టు మమ్మీలు చూపించి బయటికి తోలేశారు. నాకు మాత్రం ఒక వాక్యం లోపల మెదులుతూనే ఉంది. "అమరావతి శిల్పాలలో కొన్ని లండన్ మ్యూజియంలో ఉన్నవి." ఏటా పిల్లలకు ఆ వాక్యం చదివి వినిపించి, కింద గీత గీయించి, తర్వాతి పాఠానికి వెళ్లిపోయేదాన్ని. ఆ "ఉన్నవి" ఎక్కడున్నవో ఇప్పుడు తీరిగ్గా వెతకొచ్చు.

హౌన్‌స్లో సెంట్రల్‌లో పికడిల్లీ లైను రైలెక్కితే మారే పని లేకుండా హోబర్న్‌లో దిగొచ్చు. అక్కడినుంచి నడక. టిక్కెట్టు లేదు. ఆసియా గదుల పక్కన 33ఎ అని చిన్న తలుపు. లోపల సన్నగా పొడవాటి గది, గాజు గోడ, దాని వెనక తెల్లటి పలకలు.

పిన్నిగారు గుమ్మంలోనే ఆగి దణ్ణం పెట్టారు. నేను పెట్టలేకపోయాను. ముందు కోపం వచ్చింది. పల్నాటి సున్నపురాయి అది. మా పుట్టింటి అరుగు కూడా అలాంటి రాయే. మా ఇంటికి 35 కిలోమీటర్ల దూరంలో పుట్టిన రాళ్లు వందకు పైగా ఇక్కడ గాజు వెనక ఉన్నాయి. వాటిని చూడాలంటే నాకు వీసా కావాలి. ఆ ఊరి పిల్లలకు ఎప్పటికి దొరుకుతుంది ఆ వీసా?

కోపం తగ్గాక చూడటం మొదలుపెట్టాను. పైవరస రాళ్ల మీద కుర్రాళ్లు పొడుగాటి పూలదండ మోసుకుపోతున్నారు. దండ ఎంత లావంటే వాళ్ల భుజాలు వంగిపోతున్నాయి. ఇంకో పెద్ద పలక మీద అమరావతి స్తూపమే ఉంది, తన బొమ్మ తానే చెక్కించుకున్నట్టు. వాకిట్లో సింహాలు, వాటి వెనక వరసగా ఐదు స్తంభాలు, పైన ఎగిరే దేవతలు. ఆ పలకకు వెనకవైపు ఇంకా పాత చెక్కడం ఉంది. మూడు వందల ఏళ్ల ముందటి బొమ్మను వెనక్కి తిప్పి, ఇవతలి వైపు కొత్తది చెక్కారు. రాయిని పారేయకుండా మళ్లీ వాడుకున్నారన్నమాట.

నన్ను కదలనివ్వనిది మాత్రం వేరే పలక. బుద్ధుడి పుట్టుక. మాయాదేవి చెట్టుకొమ్మ పట్టుకుని నిలబడి ఉంది. పక్కన దేవతలు ఒక పొడుగాటి బట్టను చేతుల మీద పట్టుకున్నారు. బిడ్డ ఎక్కడా కనిపించడు. దగ్గరికి వంగి చూస్తే ఆ బట్ట మీద బుల్లి బుల్లి పాదాల ముద్రలు. అప్పటికి బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కే అలవాటు అంతగా లేదు కాబట్టి పాదాలతో చెప్పారు. ఆ సంగతి నాకు తెలుసు, పాఠంలో చెప్పాను కూడా. కానీ ఆ ముద్రలు నా చిటికెన గోరంత కూడా లేవు. బారసాలనాడు మా మనవడి కాళ్లకు పారాణి పెట్టి తెల్లబట్ట మీద అద్దించాం. అది మా బీరువాలో ఉంది. ఉలితో పనిచేసే మనిషి, రెండు వేల ఏళ్ల కిందట, కృష్ణ ఒడ్డున కూర్చుని అదే ఆలోచించాడు. గాజుకు నుదురు ఆనించి ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, మావారు వచ్చి భుజం తట్టేదాకా.

ఏప్రిల్ 18, ఆదివారం

ఈస్ట్ హామ్. మా చెల్లెలి కొడుకు స్నేహితుడు, పట్టాభిపురం కుర్రాడు, అక్కడ ముగ్గురు తెలుగు పిల్లలతో కలిసి ఉంటూ ఎమ్మెస్ చదువుతున్నాడు. అయిదుగురిని భోజనానికి పిలిచాడు, మేం ఏడుగురం వెళ్లాం. ముద్దపప్పు, బంగాళాదుంప వేపుడు, వాళ్లమ్మ పంపిన గోంగూర పచ్చడి. పచ్చడి సీసా అడుగు కనిపిస్తోంది. వదినగారు ఒక్క ముద్దకే వేసుకుని, "మాకు వారంలో ఇంటికెళ్తే దొరుకుతుంది, మీరుంచుకోండి నాయనా" అన్నారు. వచ్చేటప్పుడు మా అందరి సూట్‌కేసుల్లో మిగిలిన కందిపొడి, కారప్పొడి, నిమ్మకాయ పచ్చడి వాళ్లకిచ్చేశాం.

సాయంత్రం మనార్ పార్కు మురుగన్ గుడికి నడిచి వెళ్లాం. వెళ్లే దారిలో ఆకాశం చూసుకుంటూ నడిచాను. మామూలుగా ఈ ఊరి మీద విమానాలు తెల్లగీతలు గీస్తూ ఉంటాయని ఆ కుర్రాడు చెప్పాడు. ఒక్క గీత లేదు.

ఏప్రిల్ 19, సోమవారం

ఒక్కదాన్నే మళ్లీ మ్యూజియానికి. 52 ఏళ్ల వయసులో పరాయి దేశంలో ఒంటరిగా రైలెక్కడం అదే మొదలు. మావారు హోబర్న్, హోబర్న్ అని నాలుగుసార్లు చెప్పి పంపారు.

మ్యూజియం వాళ్లు మడత స్టూళ్లు ఉచితంగా ఇస్తారు. ఒకటి తెచ్చుకుని ఆ పలక ముందు కూర్చుని పాదాల బట్టను గీసుకున్నాను. నాకు బొమ్మలు రావు. అయినా చేత్తో గీస్తుంటేనే కళ్లకు కనబడేవి కొన్ని ఉంటాయి. బట్ట మడతలు ఒక్కో దేవత చేతి దగ్గర ఒక్కోలా పడుతున్నాయి, మధ్యలో బరువుకు కొంచెం జారింది. కనబడని బిడ్డకు బరువుంది!

ఈ రాళ్లు ఇక్కడికెలా వచ్చాయో నాకు తెలిసింది కూడా ఆ రోజు రాసుకున్నాను. 1790లలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు చింతపల్లి వదిలి అమరావతిలో కొత్త ఊరు కట్టించినప్పుడు, స్తూపం పూడిపోయి ఉన్న దీపాలదిన్నె తవ్వి రాళ్లూ ఇటుకలూ తీశారు. ఈస్టిండియా కంపెనీ అధికారి కల్నల్ కాలిన్ మెకంజీ 1798లో ఆ దిన్నె చూశాడు. ఆయన దగ్గర పనిచేసిన ఏలూరువాడు కావలి వెంకట బొర్రయ్య పాత శాసనాలు చదవడంలో దిట్ట, పాతికేళ్లు దాటగానే పోయాడు. మెకంజీ 1816లో బొమ్మలు గీసేవాళ్లను వెంటబెట్టుకుని తిరిగొచ్చేసరికి దిన్నె నడుమ చెరువు తవ్వి ఉంది. చాలా రాళ్లు గోడల్లోకీ మెట్లలోకీ పోయాయి, కొన్నిటిని సున్నానికి కాల్చేశారు. 1845లో ఇంకో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చినవి అక్కడ ఆరుబయట ఎండకూ వానకూ పడున్నాయి. 1859లో ఓడెక్కాయి. 1880 నుంచి ఈ మ్యూజియంలో ఉన్నాయి.

దోచుకుపోయారు అని ఒక్క మాటలో తేల్చేద్దామంటే సున్నపు బట్టీ అడ్డొస్తుంది. కాపాడారు అందామంటే 35 కిలోమీటర్ల దూరం అడ్డొస్తుంది. నా అభిప్రాయం మాత్రం ఒకటే. సున్నం కాల్చినవాళ్లకు దాని విలువ తెలియదు, మనకు తెలుసు. తెలిసినవాళ్ల దగ్గరికి అవి తిరిగి రావాలి. అన్నీ కాకపోయినా ఆ పాదాల బట్ట ఒక్కటైనా.

ఏప్రిల్ 20, మంగళవారం

ఇది మావారి రోజు. ఆయనకు వాళ్ల నాన్నగారి ద్వారా వచ్చిన ఆస్తి బ్రౌణ్యం, సి.పి. బ్రౌన్ తెలుగు నిఘంటువు. ఇంట్లో ఏ మాట మీద వాదన వచ్చినా అందులో చూసి తీర్పు చెబుతారు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించిన బ్రౌన్ దొర, చివరి ఏళ్లు లండన్‌లోనే గడిపి 1884 డిసెంబర్ 12న కన్నుమూశారు. కెన్సల్ గ్రీన్ శ్మశానంలో సమాధి.

పికడిల్లీ సర్కస్‌లో బేకర్లూ లైనుకు మారి వెళ్లాం. ఆ శ్మశానం 1833లో తెరిచింది, 70 ఎకరాల పైమాటే. రాళ్లు ఒరిగిపోయి, ఐవీ తీగలు అల్లుకుని, అక్షరాలు అరిగిపోయి ఉన్నాయి. మూడు గంటలు వెతికాం. బ్రౌన్ అన్న పేరు చాలా రాళ్ల మీద ఉంది, మన బ్రౌన్ దొరకలేదు. చివరికి మావారు ఒక పెద్ద చెట్టు కింద నిలబడి, తలపాగా తీసినట్టు మఫ్లరు తీసి, చేతులు కట్టుకుని వేమన పద్యాలు మూడు గట్టిగా చదివారు. "ఎక్కడున్నా వినబడుతుందిలే" అన్నారు. ఆయన గొంతు వణకడం నేను పెళ్లైన ఇన్నేళ్లలో రెండుసార్లే విన్నాను.

రాత్రి పది అవుతోంది. గదిలో బట్టలు ఆరేస్తుంటే కిటికీ అద్దం సన్నగా అదిరింది. తర్వాత శబ్దం. పరుగున బాల్కనీలోకి వెళ్తే, రెండు దీపాలు వెలిగించుకుని విమానం మా మీదుగా దిగింది. హోటల్ కిటికీలన్నీ తెరుచుకున్నాయి. ముక్కూమొహం తెలియని మనుషులు కిటికీల్లోంచి ఒకరికొకరు చేతులూపుకున్నారు. పక్క కిటికీలోంచి పిన్నిగారు "అమ్మాయ్, తెరిచారే!" అని కేకేశారు.

ఏప్రిల్ 21, 22

సీట్ల కోసం ఫోన్లు. రెండు రోజులూ అదే పని. మొదట మే మొదటివారం అన్నారు. మందుల చీటీలు, వయసులు రాసి మావారు మళ్లీ కాగితం పెట్టారు. 23కి ఇచ్చారు.

ఏప్రిల్ 23, శుక్రవారం

బయల్దేరే ముందు అన్నయ్యగారు మేము గడిపిన బెంచీలు, బస్టాపు, పంజాబీ కొట్టు అన్నీ ఒకసారి చుట్టి వచ్చారు. దుబాయి మీదుగా హైదరాబాదు, అక్కడినుంచి రాత్రి బస్సు. తెల్లారి శంకర్ విలాస్ సెంటర్లో దిగేసరికే ఉక్క. అత్తగారు గుమ్మంలో దిష్టి తీసి, "అధిక మాసంలో చేసింది ఏదైనా అధిక ఫలమేనే" అన్నారు.

మే 2, ఆదివారం

మొదటిరోజు మ్యూజియానికి వెళ్లిన ఆ అయిదుగురం గుంటూరు బస్టాండులో కలుసుకున్నాం. అమరావతి బస్సు. అప్పటికింకా రాజధాని మాట లేదు, ఊరు నిద్రమత్తుగా ఉండేది. 30 ఏళ్లలో స్కూలు పిల్లలను తీసుకుని అయిదారుసార్లు వచ్చుంటాను. ప్రతిసారీ అమరేశ్వరస్వామి దర్శనం, కృష్ణలో కాళ్లు కడుక్కోవడం, మ్యూజియంలో "తాకకండి, అరవకండి" అంటూ పిల్లలను లెక్కపెట్టుకోవడం. స్తూపం దగ్గరకు వెళ్తే చూడటానికి ఏమీ లేదని తొందరగా తిప్పేసేదాన్ని.

నిజంగానే పైకి ఏమీ లేదు. గుండ్రటి ఇటుక దిమ్మె, చుట్టూ గడ్డి, అక్కడక్కడ నిలబెట్టిన రాళ్లు. కానీ నోట్‌బుక్కు తెరిచి పట్టుకుని నిలబడితే ఒక్కోటీ వచ్చి చోట్లో కూర్చోవడం మొదలైంది. వాకిలి ఇది. సింహాలు ఇక్కడ. ఐదు స్తంభాలు ఇటు. దండ మోసే కుర్రాళ్లు ఈ చుట్టంతా, పైవరసలో.

"నడుద్దాం" అన్నారు మావారు. బయటి కంచె ఉండాల్సిన చుట్టుకొలత వెంబడి నడిచాం, నేను అడుగులు లెక్కపెట్టాను. లండన్‌లో ఆ గాజు గది ఈ చివర్నుంచి ఆ చివరికి నా అడుగుల్లో 40 దాటలేదు. ఇక్కడ 312.

ఎండ నెత్తి మీద ఉంది. అన్నయ్యగారు చెట్టు నీడకు పోయి కూర్చోమన్నారు. పిన్నిగారు వినలేదు. గుడిలోలాగా చెప్పులు విప్పి ఒక పక్కన పెట్టారు. నేల కాలుతుంటే గడ్డి ఉన్నచోట అడుగు వేసుకుంటూ, ఇంకా రెండు చుట్లు ఉన్నాయి రమ్మని చెయ్యి చాచారు. నేనూ చెప్పులు విప్పాను.